రక్తం ఆగితే చిగుళ్లు బాగుపడ్డట్టేనా? పర్లాకిమిడి, బరంపురం కొట్లలో దొరికే చిగుళ్ల సరుకులపై సమీక్ష

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్లలో ఏ మందుల షాపుకెళ్లి “పళ్లు తోముకుంటే రక్తం వస్తోందండీ” అన్నా కౌంటరు మీదకి వచ్చే సరుకు దాదాపు ఒకటే. పుక్కిలించే మందు, చిగుళ్లకి పూసే గమ్ పెయింట్, పళ్లు జివ్వుమంటే వాడే పేస్టు, చప్పరించే సి విటమిన్ మాత్రలు. పక్కనున్న కిరాణా కొట్లో అయితే ఎర్ర పళ్లపొడి, గుడాఖు డబ్బా. వీటన్నిటినీ ఒకే ప్రశ్నతో తూచాలి: ఈ సరుకు పంటికి పట్టిన పాచిని తీస్తోందా, లేక రక్తాన్ని మాత్రం ఆపి లోపలి జబ్బుని కనబడకుండా చేస్తోందా?

ఈ ప్రశ్నే ఎందుకంటే, ఆరోగ్యంగా ఉన్న చిగురుకీ పంటికీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతున సన్నటి గాడి ఉంటుంది. పాచి పేరుకునేది అక్కడే, పళ్ల సందుల్లోనే. డెన్మార్కులో 1965లో 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోమడం మాన్పించి చూశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలయ్యాయి. అంటే తొలి దశ వాపు పూర్తిగా వెనక్కి పోతుంది. దాన్ని నెలలూ ఏళ్లూ వదిలేస్తే కొందరిలో గాడి 4, 5, 6 మిల్లీమీటర్ల గొయ్యి అవుతుంది. పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. ఆ ఎముక తిరిగి మామూలుగా పెరగదు. రక్తం కనబడటం ఈ వరసలో అన్నిటికంటే ముందొచ్చే హెచ్చరిక. నొప్పి చాలా ఆలస్యంగా వస్తుంది, చాలామందికి పళ్లు కదిలేదాకా రానే రాదు. అందుకే ఆ హెచ్చరికని నొక్కేసే సరుకు, ఏ పనీ చేయని సరుకు కంటే ప్రమాదం.

గుడాఖుతో మొదలుపెడతాం. ఈ పట్టీలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది అదే. పొగాకు పొడి, బెల్లపు మడ్డి, సున్నం, ఎర్రమట్టి కలిపి ముద్దగా చేసిన సరుకు ఇది. ఒడిశా పల్లెల్లోనే కాదు, సరిహద్దు తెలుగు ఇళ్లలోనూ, ఆడవాళ్లలో కూడా బాగా పాతుకుపోయింది. పొద్దున్నే పళ్లు తోమడానికని మొదలై, అన్నం తిన్నాక ఒకసారి, సాయంత్రం ఒకసారి అవుతుంది. సున్నం వల్ల నికోటిన్ చిగుళ్లలోంచి త్వరగా ఒంట్లోకి ఎక్కుతుంది. నికోటిన్ చిగురులోని సన్నటి రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. వాపు ఉండాల్సినంత ఎర్రగా కనబడదు, రక్తం పెద్దగా రాదు. గోతులు మాత్రం లోతవుతూనే ఉంటాయి. “గుడాఖు పెట్టుకుంటే చిగుళ్లు గట్టిపడతాయి” అనే నమ్మకం పుట్టింది ఇక్కడే.

మానేసేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పొగాకు ఆపిన కొన్ని వారాల్లో చిగుళ్లలో రక్తప్రసరణ తిరిగి మామూలవుతుంది. అప్పటిదాకా దాగి ఉన్న వాపు బయటపడి రక్తం కనబడటం మొదలవుతుంది. “మానేశాక చెడిపోయింది, ఉన్నప్పుడే బాగుంది” అని మళ్లీ డబ్బా తెరిచేది సరిగ్గా ఈ సమయంలోనే. ఆ రక్తం చిగురు కోలుకుంటోందనడానికి గుర్తు. అదే వారంలో పళ్ల డాక్టరు చేత క్లీనింగ్ చేయించుకుంటే ఇబ్బంది త్వరగా తీరిపోతుంది. పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద 1992లోనే నిషేధించింది. అయినా గుడాఖు డబ్బా పళ్లు తోముకునే సామాను పక్కనే కూర్చుంటోంది. మానలేకపోతున్నవాళ్లకి జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం. ఖైనీకీ, గుండి (పొగాకు పొడి) వేసిన పానుకీ, ఇచ్ఛాపురం తీరం వైపు ముసలివాళ్లలో ఇంకా కనిపించే అడ్డపొగకీ (చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) ఇదే మాట వర్తిస్తుంది. అడ్డపొగ అయితే నిప్పు నోటి లోపలే ఉంటుంది కాబట్టి అంగిట్లో తెల్ల మచ్చలు, పుండ్లు, క్యాన్సరు భయం అదనం.

ఎర్ర పళ్లపొడి విషయానికొస్తే, పొగాకు లేని పొడి అయినా రెండు లోపాలు. ఎరుపు రంగు సాధారణంగా జేగురు వల్ల వస్తుంది. గరుకు పొడిని వేలితో అడ్డంగా రుద్దితే పంటి మొదట్లో, చిగురు దిగిన చోట వేరు అరిగి గాడి పడుతుంది. చన్నీళ్లు తగిలితే జివ్వుమనేది అక్కడే. రెండోది, వేలు పంటి సందులోకి పోదు. పైన తళతళలాడుతూ సందుల్లో పాచి అలాగే ఉంటుంది. పైగా చాలా పొడుల్లో ఫ్లోరైడు ఉండదు. బొగ్గు, ఇటుక పొడి, కచ్చిక బూడిద కూడా గరుకే.

వేపపుల్ల, కానుగపుల్ల అంత చెడ్డవి కావు. కొసని బాగా నమిలి కుంచెలా మెత్తగా చేసి, చిగురు వైపు నుంచి పంటి కొస వైపుకి రుద్దితే బయటివైపు పాచి పోతుంది. లోపలివైపు, వెనక దవడ పళ్ల మీద అది సరిగా అందదు. మెత్తబడని పుల్లతో అడ్డంగా రుద్దితే చిగురు చీరుకుపోతుంది. నూనె పుక్కిలించడం వల్ల పెద్ద నష్టం లేదు, పాచి తీసే పనికి అది చాలదు.

గమ్ పెయింట్‌లో సాధారణంగా టానిక్ ఆమ్లం, జింక్ క్లోరైడు ఉంటాయి. వగరు గుణం వల్ల చిగురు బిగుసుకుని రక్తం తగ్గుతుంది. పుండుగా ఉన్న చోట రెండు మూడు రోజుల ఉపశమనానికి పనికొస్తుంది. నెలల తరబడి రాసుకునేవాళ్లకి అదీ హెచ్చరికని నొక్కేసే సరుకే.

పుక్కిలించే మందుల్లో నిజంగా పనిచేసేది క్లోర్‌హెక్సిడిన్. సీసా మీద 0.2 శాతం అని ఉంటే 10 మిల్లీలీటర్లు, రోజుకి రెండుసార్లు, నిమిషం పాటు. 0.12 శాతం అయితే 15 మిల్లీలీటర్లు. నీళ్లు కలపాలా వద్దా అన్నది సీసా మీద రాసి ఉంటుంది, అది చూడకుండా వాడొద్దు. పేస్టుతో తోముకున్న వెంటనే పుక్కిలిస్తే పేస్టులోని నురుగు పదార్థం ఈ మందుని పనిచేయనివ్వదు. అరగంట ఎడం ఇవ్వాలి. క్లీనింగ్ తర్వాతో, పన్ను పీకించుకున్న తర్వాతో రెండు వారాలు వాడితే మంచి సరుకు. అంతకు మించితే పళ్ల మీద, నాలుక మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మొద్దుబారుతుంది, గార (పాచి రాయిలా గట్టిపడి పంటికి పట్టేది) ఇంకా త్వరగా పడుతుంది. టీ ఎక్కువ తాగేవాళ్లకి మరక మరీ ఎక్కువ. ముఖ్యంగా, ఇప్పటికే గట్టిపడిన గారని ఈ మందు కరిగించదు, 5 మిల్లీమీటర్ల గోతి అడుక్కి చేరదు. ఖరీదు భరించలేనివాళ్లు గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే తాత్కాలికంగా హాయిగా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు ఆ నీళ్లు మింగకూడదు.

మా లెక్కలో ఈ మొత్తం పట్టీలో మొదటి స్థానం ఇంటర్‌డెంటల్ బ్రష్‌ది. సన్నటి తీగ చుట్టూ కుచ్చు ఉండే చిన్న బ్రష్ ఇది, పళ్ల సందుల కోసమే. చిన్న ఊళ్ల షాపుల్లో అడిగితే తప్ప బయటికి తీయరు, కొన్నిచోట్ల తెప్పించి ఇవ్వమనాలి. బరంపురంలో డెంటల్ క్లినిక్‌ల దగ్గరున్న మందుల షాపుల్లో దొరకడం తేలిక. మామూలు బ్రష్‌తో పాటు దీన్ని వాడితే పాచి, చిగుళ్ల వాపు ఒక్క బ్రష్‌తో కంటే ఎక్కువ తగ్గవచ్చని 2019 కొక్రేన్ సమీక్ష (చాలా అధ్యయనాల్ని కలిపి తూచే అంతర్జాతీయ సంస్థది) చెప్పింది. ఆధారాలు ఇంకా బలపడాలని కూడా అందులోనే ఉంది. మా దృష్టిలో సందు తెరుచుకున్న పళ్లకి దీనికి సాటి వేరే లేదు.

సైజు తప్పు కొనడమే దీంతో జరిగే మొదటి పొరపాటు. తీగ సందులోకి తోయకుండానే దూరాలి, కుచ్చు మాత్రం రెండు పళ్ల గోడలకీ తగులుతూ కాస్త పట్టినట్టుండాలి. వదులుగా పోతే పాచి కదలదు, బలవంతంగా దూర్చితే చిగురు చీరుకుంటుంది. ముందు పళ్లకి ఒక సైజు, దవడ పళ్లకి కాస్త పెద్ద సైజు, ఇలా చాలామందికి రెండు కావాలి. రంగు చూసి కొనొద్దు, కంపెనీకో రంగు వరస ఉంటుంది. ప్యాకెట్ మీద మిల్లీమీటర్ల కొలత చూడండి. 0.4, 0.5 సన్న సందులకి, 0.7, 0.8 తెరుచుకున్న సందులకి. క్లీనింగ్ చేసిన డాక్టరు చేతే ఒకసారి కొలిపించుకుంటే డబ్బు వృథా కాదు.

వాడే తీరు: రాత్రి పడుకునే ముందు, పేస్టు లేకుండా, అద్దం ముందు. చిగురుకి గుచ్చుకోకుండా నేరుగా లోపలికి పెట్టి రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి. లోపల తిప్పకూడదు, తీగ విరిగేది అలా తిప్పినప్పుడే. దవడ పళ్ల దగ్గర నోరు బాగా తెరిస్తే బుగ్గ బిగుసుకుని చెయ్యి ఆడదు. సగం మూసి, తీగని కొంచెం వంచి బుగ్గ వైపు నుంచి పెట్టాలి. అయ్యాక కడిగి, మూత లేకుండా ఆరబెట్టాలి. కుచ్చు విచ్చుకున్నా తీగ వంగిపోయినా పారేయాలి, ఒకటి సాధారణంగా వారం రెండు వారాలు వస్తుంది.

మొదటి రోజుల్లో రక్తం వస్తుంది. ఇక్కడే చాలామంది భయపడి ఆపేస్తారు. ఆపకండి. తొలి దశ వాపే అయితే వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలు సరిగా వాడినా అదే సందులో రక్తం వస్తుంటే అక్కడ గొయ్యో, గారో ఉందని అర్థం, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పళ్లు బిగుతుగా ఉండి సన్నటి సైజు కూడా దూరకపోతే అక్కడ దారంతో, అంటే ఫ్లాస్‌తో, చేయాలి. చీపురుపుల్ల, గుండుసూది, పిన్నీసు మాత్రం ఈ పనికి ఎప్పుడూ వద్దు. అవి సందుని తెరుస్తాయే గానీ పాచిని తీయవు, విరిగిన ముక్క చిగురులో ఉండిపోతే చీము పడుతుంది. నీటి ధార యంత్రాలు మెతుకులు కడిగేస్తాయి, జిగట పాచి మీద తక్కువ. క్లిప్పులు ఉన్న పిల్లలకీ, వేళ్లు సరిగా ఆడని పెద్దవాళ్లకీ తప్ప ఆ ఖర్చు అక్కర్లేదు.

మామూలు బ్రష్‌కి “సాఫ్ట్” అని ఉంటే చాలు. కుచ్చు సగం చిగురు మీద, సగం పంటి మీద ఉండేలా ఏటవాలుగా పెట్టి, చిన్నగా కదుపుతూ రెండు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. మూడు నెలలకోసారి మార్చాలి. పేస్టులో 1000 నుంచి 1500 పీపీఎం ఫ్లోరైడు ఉందో లేదో చూడండి, బఠాణీ గింజంత చాలు. జివ్వుమనేవాళ్ల పేస్టు, అందులో పొటాషియం నైట్రేట్ ఉంటే, రెండు నుంచి నాలుగు వారాలు వాడాకే గుణం తెలుస్తుంది. చిగుళ్ల జబ్బుకి అది మందు కాదు.

ఇక సేవల మాట. గట్టిపడిన గార ఇంట్లో ఏ సరుకుతోనూ రాదు, స్కేలింగ్, అంటే డాక్టరు చేసే క్లీనింగ్, చేయించాల్సిందే. “క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి” అని మన వైపు గట్టి భయం ఉంది. అడ్డగోడలా పట్టిన గార తీశాక, దాని కింద అప్పటికే ఎముక కరిగి ఉంటే పన్ను కదలడం అప్పుడు తెలుస్తుంది. వాచిన చిగురు తగ్గి సందులు కనబడతాయి. కొన్నాళ్లు చన్నీళ్లకి జివ్వుమంటుంది. ఈ మూడూ గార చేసిన నష్టాలే.

మంచి క్లీనింగ్‌ని ఎలా గుర్తుపట్టాలి? ముందు మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీతో ప్రతి పంటి చుట్టూ లోతు కొలుస్తారు. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న చోట్లు రాసుకుంటారు, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. సుగరు ఉందా, బీపీ మాత్రలు ఏవి, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, పొగాకు అలవాటుందా అని అడుగుతారు. పరికరాలు సీలు చేసిన కవరులోంచి మీ ముందే తీస్తారు. పది నిమిషాల్లో బయటి పళ్లు మాత్రం మెరిపించి పంపితే అది పైపూత పని. లోతైన గోతులుంటే మత్తుసూది ఇచ్చి చిగురు కింద వేరు శుభ్రం చేయాలి. దానికి రెండు మూడు సిట్టింగులు పడతాయి. తర్వాత నెలా రెండు నెలలకి మళ్లీ కొలిచి చూడాలి. ఆ పైన కనీసం మొదటి ఏడాది మూణ్ణెల్లకోసారి. మళ్లీ కొలవకపోతే నయమైందో లేదో చెప్పే దారి లేదు. జిల్లా ఆసుపత్రుల దంత విభాగాన్ని ముందు అడగండి. సర్జరీ దాకా వస్తే కటక్‌లోని ఎస్‌సీబీ డెంటల్ కాలేజీ లేదా విశాఖ వైపు దంత కళాశాలలు. సంతల్లో ఆమ్లం పూసి పళ్లు తెల్లగా చేసేవాళ్ల దగ్గరికి మాత్రం దయచేసి వెళ్లొద్దు, పంటి మీది పింగాణీ పొర కరిగిపోతే తిరిగి రాదు.

సి విటమిన్ మాత్రల సంగతి తిండితో కలిపి చెప్పాలి. పంటినీ ఎముకనీ కట్టి ఉంచే నారలు కొలాజెన్‌తో చేసినవి, కొలాజెన్ తయారీకి సి విటమిన్ తప్పదు. పెద్దవాళ్లకి రోజుకి 65 నుంచి 80 మిల్లీగ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. నూరు గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకి పైన ఉంటుంది, ఉసిరికాయలో ఇంకా ఎక్కువ. అంటే మధ్యరకం జామకాయలో సగం తిన్నా ఆ రోజుకి సరిపోతుంది. వేసవిలో జీడితోటల్లో నేలరాలి పోయే జీడిమామిడి పండులో కూడా సి విటమిన్ దండిగా ఉంది. మునగాకులో ఉన్నదాంట్లో కొంత వండినప్పుడు పోతుంది. చప్పరించే మాత్ర పుల్లటిది, తీపి కలిపినది. రోజూ నోట్లో నానబెడితే పంటి పొర దెబ్బతింటుంది. డాక్టరు రాస్తే కొద్దికాలం వాడి ఆపేయాలి, వేసుకున్నాక నీళ్లతో పుక్కిలించాలి.

తిండిలో చిగుళ్లని ఎక్కువగా రెచ్చగొట్టేది మైదా, పంచదార. ముఖ్యంగా రోజంతా కొంచెం కొంచెంగా నోట్లో పడేవి. పంచదార దండిగా వేసిన నాలుగు టీలు, మధ్యలో బిస్కెట్లు, సాయంత్రం మురీ మిక్చరు, ఇవన్నీ సందుల్లో ముద్దగా నిలిచేవే. స్విట్జర్లాండులో 10 మంది నాలుగు వారాలు రాతియుగం నాటి తిండి తిని, పంచదార ముట్టకుండా, బ్రష్ లేకుండా గడిపారు. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి. పాచి పెరిగింది, చిగుళ్ల రక్తస్రావం మాత్రం సగానికి పైగా తగ్గింది. పది మందితో చేసిన ప్రయోగం మీద బ్రష్ పారేయకూడదు. కానీ కంచంలో ఉన్నది చిగురులోని మంటని పెంచగలదు, తగ్గించగలదు అనడానికి అది గట్టి సూచన. మన కంచానికి కుదిరే మార్పులు ఇవి: పొద్దున్న మైదా పూరీ బదులు చోడి (రాగి) అంబలి లేదా చోడి రొట్టె (నూరు గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దరిదాపు కాల్షియం ఉంటుంది), వారానికి రెండుసార్లు కవళ్లు లాంటి నూనె చేప, రోజూ ఒక ఆకుకూర, ఒక పచ్చి పండు, టీలో పంచదార సగానికి తగ్గించడం. తరవాణి, పఖాళొ (నీళ్లలో పులిసిన చద్దన్నం) పుల్లగా తిన్నాక వెంటనే బ్రష్ చేయకుండా పుక్కిలించి అరగంట ఆగాలి.

సుగరు ఉన్నవాళ్లకి ఇదంతా రెట్టింపు ముఖ్యం. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే చిగురులో వాపు తగ్గదు, గాయం మానదు. చిగురులోని వాపు ఒళ్లంతా పాకి ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వదు. ఆ దారి రెండువైపులా నడుస్తుంది. చిగుళ్లకి సరైన చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరని చూపే రక్తపరీక్ష) సగటున 0.43 శాతం తగ్గుతుందని 2022 కొక్రేన్ సమీక్ష తేల్చింది. 2018లో ప్రచురించిన చిగుళ్ల జబ్బు వర్గీకరణ అయితే హెచ్‌బీఏ1సీ 7 లేదా ఆపైన ఉన్నవాళ్లనీ, రోజుకి 10 సిగరెట్లు లేదా అంతకంటే ఎక్కువ కాల్చేవాళ్లనీ జబ్బు వేగంగా ముదిరే వర్గంలోకే చేర్చింది. అందుకే నలభై దాటినవాళ్ల చిగుళ్లు వాచి, చీము కారుతూ, క్లీనింగ్ తర్వాత కూడా మానకపోతే ముందు సుగరు పరీక్ష చేయించాలి. సుగరు మాత్రలు వేసుకునేవాళ్లు క్లీనింగ్‌కి పొద్దున్న వేళ, టిఫిను తిని, మాత్ర వేసుకుని వెళ్లాలి. పస్తుతో వెళ్తే కుర్చీలోనే చక్కెర పడిపోవచ్చు. గుండె జబ్బుకీ చిగుళ్లకీ సంబంధం చాలా అధ్యయనాల్లో కనబడింది. చిగుళ్ల జబ్బే గుండెపోటు తెస్తుందని మాత్రం నిరూపణ కాలేదు. ఆ భయం చూపించి ఎవరైనా ఖరీదైన ప్యాకేజీ అమ్మితే ఒప్పుకోకండి.

గర్భిణులకి రెండో నెల నుంచే చిగుళ్లు ఎక్కువ వాస్తాయి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య క్లీనింగ్ అనుకూలం, కడుపుతో ఉన్నారని వాయిదా వేయక్కర్లేదు. బీపీకి ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, మూర్ఛకి ఫెనిటాయిన్ వాడేవాళ్లలో కొందరికి చిగుళ్లు కండలా పెరిగి పళ్లని కప్పేస్తాయి. పాచి ఉన్న నోట్లో అది మరీ ఎక్కువ. అలా పెరిగితే మాత్ర మీ అంతట మీరే ఆపకండి. మందు చీటీ తీసుకుని ముందు పళ్ల డాక్టరుకి చూపించండి. పాచి పూర్తిగా తీయించాక కూడా తగ్గకపోతే మందు రాసిన డాక్టరు వేరే రకానికి మారుస్తారు.